నూనె ఇంకని గోడ

"రేపు నువ్వు అమ్మ దగ్గరే ఉండాలి. ఆ చక్రాల కుర్చీ తిప్పడం ఇంకెవరికీ చేతకాదు" అన్నాడు భర్త, టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి.

ఆమె అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఒక్కచోట ఆగితే బట్ట కాలుతుంది కాబట్టి చెయ్యి తన పాటికి తను కదులుతూనే ఉంది. రేపు కొత్త కేథడ్రల్ ప్రతిష్ఠ. బిషప్పుగారి గుడి అన్నమాట, చుట్టుపక్కల చర్చిలన్నిటికీ పెద్దది. ప్రతిష్ఠ రోజున ఆ గుడి కట్టినవాళ్ళు గుమ్మం ముందు నిలబడి, గుడి ప్లానునీ తాళంచెవినీ బిషప్పుగారి చేతిలో పెట్టాలి. ఆ తర్వాతే ఆయన లోపల అడుగుపెడతారు. ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా చూసుకున్నవాళ్ళు 'ఇక మీదేనండీ' అని ఇచ్చేయడం అది. ఆ రోజు ఇద్దరం కలిసి నిలబడదాం అన్నది అతనే. పునాది తవ్విన రోజు అన్నాడు, కప్పు పడ్డ రోజు అన్నాడు, పోయిన వారం భోజనం దగ్గర కూడా అన్నాడు.

"మరి గుమ్మం దగ్గర?" అంది ఆమె.

"గుమ్మం దగ్గర నేనుంటాగా." ఆ ప్రశ్నలో ఇంకో మనిషి ఉందన్న సంగతే అతనికి తట్టలేదు. "ఫొటోలో గుంపు లేకుండా ఒక్కరే ఉంటే బాగుంటుందని గుడి కమిటీ వాళ్ళు అన్నారు. అయినా మనిద్దరిలో ఎవరు నిలబడితే ఏం?"

ఎవరు నిలబడితే ఏం, ఎవరి పేరుంటే ఏం, ఎవరు మాట్లాడితే ఏం. ఈ మాట అతను అన్న ప్రతిసారీ నిలబడేదీ, పేరుండేదీ, మాట్లాడేదీ అతనే. అంత తేడా లేనప్పుడు ఒక్కసారైనా ఇటువైపు తిరగకూడదా అని ఆమె చాలాసార్లు అనుకుంది. అనుకుని ఊరుకుంది. ఇప్పుడూ చొక్కా హ్యాంగరుకి తగిలించి, చేతి మడత సరిగ్గా వచ్చిందో లేదో చూసింది.

"కాలరు ఇంకాస్త గట్టిగా రానీ" అని చెప్పి అతను స్నానానికి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ ఒకే కాలేజీలో ఆర్కిటెక్చర్ చదివారు. అప్పట్లో ఒకరినొకరు నువ్వు అనుకునేవాళ్ళు. "ఏడిశావులే, నీ మెట్లు గాల్లో ఉన్నాయి చూసుకో" అని అతని డ్రాయింగు మీద ఆమె పెన్సిలుతో సున్నా చుట్టేది, అతను మొహం మాడ్చుకుని ఆ తర్వాత నవ్వేసేవాడు. పెళ్ళయ్యాక అత్తగారు మెత్తగా ఒక మాట చెప్పారు. "మొగుణ్ణి నువ్వంటే వినేవాళ్ళకి బాగుండదమ్మాయ్. గదిలో మీ ఇష్టం, బయట మాత్రం మీరు అను." గడప దాటినప్పుడల్లా నాలుక మార్చుకోవడం కుదరక ఆమెకి అన్నిచోట్లా మీరే మిగిలింది. అతనికి మాత్రం ఆమె నువ్వు నువ్వే. ఆఫీసు పెట్టినప్పుడు బోర్డు మీద అతని పేరొక్కటే రాయించారు, రెండు పేర్లయితే ఇరుగ్గా ఉంటుందన్నారు. అత్తగారి తుంటి ఎముక విరిగాక "ఇంట్లోంచే చెయ్యి, హాయిగా ఉంటుంది" అన్నాడు. ఆ హాయి ఎలాంటిదంటే, ఒక చేత్తో పొయ్యి మీది గిన్నె కలుపుతూ ఇంకో చేత్తో ఫోను పట్టుకుని సిమెంటు పాళ్ళు చెప్పడం, పెద్దావిడ వీపు రుద్దుతూ గోడ వంపు ఎంత ఉండాలో లెక్క కట్టుకోవడం, ఆ లెక్క మర్చిపోయేలోపు తడి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తడం. ఆఫీసులో ఇంజనీర్లకి సందేహం వస్తే ఆమెకే ఫోను చేసేవాళ్ళు. ఆమె చెప్పిందంతా రాసుకుని, "థాంక్స్ మేడమ్, ఒకసారి సార్‌తో ఖాయం చేసుకుంటాం" అనేవాళ్ళు. సార్ గారు సాయంత్రం వంటింటి గుమ్మానికి ఆనుకుని, "అది ఎలా చేద్దామన్నావు?" అని అడిగేవాడు. ఇంటికొచ్చినవాళ్ళతో అత్తగారు చెప్పేవారు: "మావాడు గుడి కడుతున్నాడు. మా కోడలు కూడా ఊరికే కూర్చోదు, పక్కన ఏవో గీతలు గీస్తూ ఉంటుంది."

ఆ గీతలే గుడి అయ్యాయి.

మధ్యాహ్నం పక్కింటావిడని కాసేపు అత్తగారి దగ్గర కూర్చోబెట్టి, ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ ఆమె గుడికి బయల్దేరింది. రేపు ఎక్కడా తట్టుకోకుండా ఒకసారి దారి చూసి రమ్మని భర్త చెప్పాడు. దారి గీసిన మనిషినే దారి చూసి రమ్మనడం. వీధిలో ఎదురైనవాళ్ళు కుర్చీ ఖాళీగా ఉండటం చూసి, పెద్దావిడకి జరగరానిదేమైనా జరిగిందేమోనని జాలిగా ఆగారు. ఒకరిద్దరికి "లేదండీ, బాగానే ఉన్నారు" అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆమెకి నవ్వొచ్చింది గానీ అది పెదాల దాకా రాలేదు.

బయటినుంచి చూస్తే ఆ గుడికి ఆర్భాటమేమీ లేదు. శిఖరాలు లేవు, గుమ్మం మీద దేవదూతలు లేరు. వంపు తిరిగిన బూడిదరంగు కాంక్రీటు గోడ ఒకటి తన చుట్టూ తాను తిరిగి వచ్చి, చివర కలవకుండా కాస్త ఎడం వదిలింది. ఆ ఎడమే గుమ్మం. పక్కన విడిగా, నిటారుగా, గంటల కోసం ఒక పలక. కట్టేటప్పుడు "ఇది గుడా, నీళ్ళ ట్యాంకా?" అని జనం వెక్కిరించారు. లోపలికి వెళ్ళి వచ్చినవాళ్ళు మాత్రం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. లోపల కప్పు గోడని తాకదు. సన్నటి ఉక్కు కాళ్ళ మీద నిలబడి, తనకీ గోడకీ మధ్య చుట్టూరా జానెడు సందు వదిలింది. ఆ సందుకి అద్దం బిగించారు. అందులోంచి దిగే వెలుతురు పొద్దుతోపాటు గోడ వెంట నెమ్మదిగా తిరుగుతుంది. గోడని చెక్క పలకల మధ్య పోశారు. పలకలు ఊడదీశాక చెక్క ఈనెలూ ముడులూ కాంక్రీటు మీద అచ్చుపడి మిగిలిపోయాయి. బలిపీఠం నట్టనడుమ ఉంది, దాని చుట్టూ వలయాలుగా బెంచీలు. ఎక్కడా ఒక్క స్తంభం లేదు.

స్తంభాలు లేకపోవడం గురించి భర్త ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. "ఈ గుడిలో వెనక వరసంటూ లేదు. దేవుడి ముందు అందరూ సమానమే" అని అతను చేతులు చాపి చెప్తుంటే పత్రికలవాళ్ళు తలలూపుతూ రాసుకున్నారు. నిజానికి ఆమెకి ఆ ఆలోచన వచ్చినప్పుడు సమానత్వం లాంటి పెద్ద మాటలేవీ తట్టలేదు, వాళ్ళమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పటి గుడిలో అమ్మ ఎప్పుడూ వెనక స్తంభం పక్కనే నిలబడేది, చంకలో ఒక పిల్ల, చెయ్యి పట్టుకుని ఇంకో పిల్ల. ఏ పిల్ల ఏడుపు లంకించుకున్నా గబుక్కున బయటికి తీసుకుపోవాలి కాబట్టి అమ్మకి తలుపు దగ్గరి చోటే రాసిపెట్టి ఉండేది. బలిపీఠం దగ్గర జరిగేదాంట్లో ఆవిడకి సగం కనిపించేది, మిగతా సగం స్తంభం. ఇంటికెళ్ళాక, "ఇవాళ కొత్త ఫాదర్ వచ్చారటగా, మనిషి ఎలా ఉంటారే?" అని పిల్లల్ని అడిగేది. అది తలుచుకునే ఆమె ఒక్కో స్తంభాన్నీ చెరిపేసింది. కప్పు బరువు ఎటు పంపాలో తెలియక నెలల తరబడి తల బద్దలుకొట్టుకుంది. ఇప్పుడు అదే గుడిలో చక్రాల కుర్చీ ఎవరికీ అడ్డం రాకుండా పెట్టేందుకు చోటు వెతికితే, అది తలుపు పక్కనే దొరికింది. వెనక వరస లేని గుడిలో కూడా ఆమె కోసం ఒక వెనక వరస పుట్టుకొచ్చింది.

కుర్చీ నిలిపి, ఆమె గోడ వైపు తిరిగింది. ఆ గోడ పొడవునా పన్నెండు చోట్ల చిన్న చిన్న శిలువ గుర్తులు చెక్కి ఉన్నాయి. ప్రతిష్ఠనాడు బిషప్పుగారు పరిమళ తైలం అరచేతిలోకి తీసుకుని ఆ గుర్తుల మీద రుద్దుతారు. పసిబిడ్డకి జ్ఞానస్నానం నాడు నుదుట రాసినట్టే గుడికీ రాస్తారు. ఈ గుడి ఎవరు కట్టాలో తేల్చే పోటీకి నమూనా పంపే రోజుల్లో ఈ సంగతంతా ఆమె ఒక ముసలి సిస్టర్ని అడిగి తెలుసుకుంది. వట్టి కాంక్రీటు నూనెని పీల్చుకుంటుంది, పీల్చుకున్నచోట నల్లగా మరక పడుతుంది, ఆ మరక ఇక పోదు. అందుకని ఆ చోట్ల నున్నటి రాతి బిళ్ళ అతికిద్దామని ఆఫీసులో అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "మరక పడనివ్వండి, అది ఈ గుడికి పుట్టుమచ్చ" అంది. గిన్నెలు తోముతూ భర్తతో అన్న మాట అది. మర్నాడు అతను కమిటీ ముందు "ఆ మరకలే ఈ గుడికి పుట్టుమచ్చలు" అన్నాడట, బిషప్పుగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారట. ఆ సంగతి అతనే ఇంటికొచ్చి సంబరంగా ఆమెకి చెప్పాడు. మాట ఎవరిదో అప్పటికే మర్చిపోయాడు.

అలవాటు కొద్దీ ఆమె ఒక గుర్తు మీద చెయ్యి వేసింది. చెయ్యి జారింది.

ఎప్పుడూ గరుగ్గా తగిలే ఈనెలు గాజులా నున్నగా తగిలాయి. సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి కొంచెం చిలకరించింది. నీళ్ళు పూసలు కట్టి, జరజరా జారి నేల మీద పడ్డాయి. గోడకి తడే అంటలేదు. ఇంకో గుర్తు దగ్గరికి వెళ్ళింది, ఆ పక్కదాని దగ్గరికి వెళ్ళింది. అన్నిచోట్లా అదే.

సామాన్లు సర్దిస్తున్న సైటు సూపర్‌వైజరు ఆమెని చూసి నవ్వుతూ వచ్చాడు. "మెరుపు బాగుంది కదా మేడమ్? అమ్మగారి రెండో ఆపరేషన్‌కి మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు సార్ ఈ పూత వేయించారు, ఫొటోలవాళ్ళు వస్తున్నారని. నీళ్ళు, నూనె, దుమ్ము, ఏదీ అంటదట. గ్యారంటీ కూడా ఇచ్చారు."

"ఈ పన్నెండు చోట్లా వదిలేయమని చెప్పలేదా?"

"ఏ పన్నెండు చోట్లు మేడమ్?"

ఆస్పత్రి కుర్చీలో కూర్చునే నిద్రపోయిన రోజులవి. అతను కావాలని ఈ పని చేసి ఉంటే హాయిగా కోపం తెచ్చుకోవచ్చు. కావాలని చెయ్యలేదు. నూనె గోడలోకి ఇంకాలన్న సంగతి అతనికి గుర్తు లేదు, అంతే. పుట్టుమచ్చ అనే మాట తీసుకుపోయాడు గానీ, ఆ మాట ఎందుకు పుట్టిందో దాన్ని ఇక్కడే వదిలేసి పోయాడు. సొంత బుర్రలో పుట్టిన ఆలోచననైతే ఎవరైనా ఇలా మర్చిపోతారా? ఇన్నేళ్ళూ ఇద్దరం కలిసి కడుతున్నాం, పేరు మాత్రమే అతనిది అని ఆమె తనకి తాను నచ్చజెప్పుకుంటూ వచ్చింది. కలిసి కట్టడం కూడా ఎప్పుడూ లేదన్నమాట. ఆమెకి ఏడుపొచ్చింది. సూపర్‌వైజరు ముందు ఏడవడం ఇష్టంలేక కప్పు వైపు చూసింది.

"ఇది పోవాలంటే ఏం చెయ్యాలి?"

"గరుకు కాగితంతో గట్టిగా రుద్దాలి మేడమ్. గుర్తుల వరకే అయితే రాత్రి భోజనాల వేళకి అయిపోతుంది. ఎందుకూ? సార్‌ని అడగమంటారా?"

"నేను చెప్తాలే" అంది.

గుడి ఏర్పాట్లు చూసే ఫాదర్ చేతిలో ఫోనుతో హడావిడిగా ఎదురొచ్చారు. మంచి మనిషి, ఎవరి మనసూ నొప్పించరు. ఆమె అడ్డం వెళ్ళి ఆపింది. "ఫాదర్, గోడకి ఒక ఇబ్బంది వచ్చింది. రేపు తైలం..."

"గోడ సంగతి నేను సార్‌తో మాట్లాడతానమ్మా, మీకెందుకు శ్రమ?" అన్నారాయన, ఎంతో ప్రేమగా. "మీరే దొరికారు, దేవుడు పంపినట్టు. బలిపీఠం గుడ్డకి మడతలు పడ్డాయి. మీ చేతి ఇస్త్రీ చాలా బాగుంటుందని సార్ ఎప్పుడూ అంటుంటారు."

"అది కాదు ఫాదర్, నూనె ఇంకదు..." అని ఆమె అంటూనే ఉంది, ఆయన ఫోను మోగింది, ఆయన చెయ్యెత్తి క్షమాపణగా నవ్వుతూ పక్కకి నడిచారు. ఆమె ఆ గుడ్డ ఇస్త్రీ చేసింది. చేస్తున్నంతసేపూ ఎందుకు చేస్తున్నానని తనని తాను తిట్టుకుంటూనే, అంచులు సరిగ్గా వచ్చేదాకా చేసింది. చేతులకి అదొక జబ్బు, ఎదురుగా పని కనిపిస్తే ఆగవు.

సాయంత్రం భర్త చెప్పులు విప్పేలోపే చెప్పేసింది. "గోడ మొత్తానికీ పూత వేయించారట. రేపు నూనె ఇంకదు, కారిపోతుంది."

అతని మొహం పాలిపోయింది. ఒక్క క్షణం కాలేజీ కుర్రాడి మొహం కనిపించింది, మెట్లు గాల్లో ఉన్నాయని చెప్పినప్పటిది. ఆ క్షణంలో అతను "అయ్యో, నువ్వు చెప్పిన పుట్టుమచ్చలు" అంటాడేమోనని ఆమె చూసింది. ఆ ఒక్క మాట అని ఉంటే ఆమె అప్పటికప్పుడు పరుగెత్తి వెళ్ళి ఒక్కో గుర్తూ రుద్ది వచ్చేది.

"ఎంతసేపు పని?" అన్నాడు.

"గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. ఇప్పుడు మొదలుపెడితే పడుకునే వేళకి అయిపోతుంది."

"హమ్మయ్య, చంపావు." మొహంలోకి రంగు తిరిగొచ్చింది. "అయితే నువ్వెళ్ళి కానిచ్చెయ్. ఫాదర్ అడిగితే పువ్వుల పనని చెప్పు. ఒక్క పూట అమ్మని నేను చూసుకుంటాలే." ఆ చివరి మాట దగ్గర పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా నిట్టూర్చాడు కూడా.

"నేను వెళ్ళను. పూత వేయించింది మీరు. ఫాదర్‌కి మీరే చెప్పండి, మనిషిని పెట్టి మీరే తీయించండి."

"నవ్వులాటగా ఉందా? ఫోన్ చేసి ఏమని చెప్పను? నా గోడకి ఏం కావాలో నాకే తెలియలేదనా?"

"అవును. అదే చెప్పండి."

అతను ఆమె వైపు వింతగా చూశాడు, కోపం కంటే జాలి ఎక్కువగా. "పొద్దున్నుంచీ తిరిగి అలిసిపోయావు. కాస్త టీ తాగి బయల్దేరు. నువ్వు చూసుకుంటావని నాకు తెలుసు. ఎప్పుడు చూసుకోలేదు గనక!" అంటూ భుజం తట్టి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి బట్టలు మార్చుకుని, బిషప్పుగారింట్లో భోజనానికి పిలిచారని బయటికి నడిచాడు. అమ్మని చూసుకుంటానన్న మాట కూడా అతని వెంటే గడప దాటింది. "పక్కింటావిడని పిలుచుకో" అని గేటు దగ్గర్నుంచి కేకేశాడు.

"ఏమిటమ్మాయ్ వాడితో వాదన?" అత్తగారు గదిలోంచి అడిగారు. "రేపు వాడికి పెద్ద రోజు. ఏదున్నా నువ్వే సర్దుకుపోవాలి. వాడికి చిన్నప్పట్నుంచీ మతిమరుపు, నేను సర్దలేదూ?"

ఆవిడకి మందులిచ్చి, దిండు సవరించి, ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. సర్దడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. స్కూలు బిల్డింగులో మెట్ల ఎత్తు తప్పిపోతే సర్దింది. లైబ్రరీలో వాననీళ్ళు పుస్తకాల మీదికి పోయే దారి అతను గీస్తే, మేస్త్రి పని మొదలుపెట్టేలోపే మార్చింది. సర్దిన ప్రతిసారీ అతను మర్నాడు పది మంది ముందు మరింత నిబ్బరంగా నిలబడ్డాడు. తప్పులు చేసిన సంగతే అతనికి తెలియదు, తెలిసే అవకాశం ఆమె ఏనాడూ ఇవ్వలేదు. గరుకు కాగితం ఇంట్లోనే ఉంది, నమూనాలు చేసే డబ్బాలో. తీసి సంచీలో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళింది.

ఇప్పుడు రుద్ది వస్తే రేపు నూనె ఇంకుతుంది. తను కోరుకున్న మరక పడుతుంది. అతను లేచి పుట్టుమచ్చల మాట చెప్తాడు, జనం కళ్ళు తుడుచుకుంటారు, తను తలుపు పక్కన చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటుంది. రుద్దకపోతే, తన ప్రాణం పెట్టి పోయించిన గోడ పండగ నాడు నలుగురిలో నవ్వులపాలవుతుంది. ఎటు చూసినా పోయేది తనదే. ఈ లెక్కలో అతనికి నష్టమే లేకుండా ఇన్నేళ్ళూ తనే కాపలా కాసింది. ఆమెకి కోపం రాలేదు, వస్తే బాగుండు అనుకుంది. ఒళ్ళంతా బరువుగా, ఎవరో తడి బట్టలు కప్పినట్టుంది. సంచీలోంచి కాగితం తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. పెట్టేసి, అత్తగారికి పాలు వేడి చెయ్యడానికి వెళ్ళింది.

మర్నాడు గుడి కిటకిటలాడిపోయింది. తలుపు పక్కన కుర్చీ వెనక నిలబడటం వల్ల ఆమెకి ఒక్క లాభం కలిగింది, గుమ్మం ముందు జరిగేది బాగా కనిపించింది. గట్టి కాలరు చొక్కాలో భర్త ప్లాను చుట్టని రెండు చేతులా పట్టుకుని బిషప్పుగారికి అందించాడు. కెమెరాలు మెరిశాయి. ఆ ప్లానులో చివరి గీతలు అత్తగారి మంచం పక్కన మందుల బల్ల మీద గీసినవి. "మావాడు ఎంత హుందాగా ఉన్నాడో చూశావా" అన్నారు అత్తగారు, కళ్ళు ఒత్తుకుంటూ. ఆమె "ఊ" అంది.

బిషప్పుగారు ముసలాయన, అడుగులు చిన్నవి. లోపలికొస్తూ జనం మీదా గోడల మీదా మంత్రించిన నీళ్ళు చల్లారు. గోడ మీద పడ్డ నీళ్ళు పూసలై జారిపోవడం ఆమె తప్ప ఎవరూ చూడలేదు. పాటలయ్యాయి, ప్రసంగమయింది. బలిపీఠం రాయి మీద తైలం పోసి రెండు చేతులా రుద్దారు, గుడంతా సువాసన కమ్మింది. ఆమె గోడ మీది గుర్తుల వైపు చూసింది. వెళ్ళి రుద్దాల్సింది అనుకుంది. నిజంగా అనుకుంది.

ఆయన మొదటి గుర్తు దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి, శిలువ ఆకారంలో తైలం రాశారు. చెయ్యి తియ్యగానే తైలం చుక్కలు చుక్కలుగా విడిపోయి, గోడ వెంట కారి, లేతరంగు నేల మీద పడింది. ఆయన మళ్ళీ రాశారు. మళ్ళీ కారింది. రెండో గుర్తు దగ్గర ఆయన తెల్ల అంగీ చేతి మీదికి కారింది. మూడో గుర్తు దగ్గరికి వచ్చేసరికి పాడేవాళ్ళు కూడా పాట తగ్గించి చూడటం మొదలుపెట్టారు. ముందు వరసల్లో ఎవరో ముసలమ్మ "అయ్యో, అపశకునం" అంది. ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. తప్పు గోడది కాదు తల్లీ, అని చెప్పాలనిపించింది.

భర్త వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు. మొదట 'ఇదేమిటి' అన్నట్టు, ఆ తర్వాత 'నువ్వు వెళ్ళలేదా' అన్నట్టు. జేబులోంచి రుమాలు తీసి, ఎవరూ చూడకుండా మోకాలి దగ్గర ఆడించి, కళ్ళతోనే నేల చూపించాడు. వచ్చి తుడవమని. ఆమె కుర్చీ పిడులు పట్టుకుని అలాగే నిలబడింది.

బిషప్పుగారు ఫాదర్ని అడిగారు, "ఏమయింది నాన్నా, గోడ తీసుకోవడం లేదేం?" ఆయన మెల్లగానే అడిగారు. కానీ ఆ గుడిలో మెల్లగా అన్న మాట కూడా చివరి మనిషి దాకా వినిపిస్తుంది, వెనక నిలబడే తల్లులకీ వినిపించాలని ఆమె అలాగే కట్టించింది. ఫాదర్ నీళ్ళు నములుతూ ఆర్కిటెక్టు వైపు చూశారు. భర్త లేచి నిలబడ్డాడు. చిరునవ్వు తెచ్చుకున్నాడు.

"అది... ఈ గోడ సంగతంతా మా ఆవిడ చూసుకుందండి. మొదట్నుంచీ ఈ గోడ తనదే."

వలయాలుగా కూర్చున్న జనమంతా ఒక్కసారి తలుపు వైపు తిరిగారు. ఈ మాట పది మందిలో అతని నోట వినాలని ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో! బోర్డు రాయించిన రోజు చూసింది, బహుమతి వచ్చిన రోజు చూసింది, నిన్న పొద్దున ఇస్త్రీ పెట్టె పట్టుకుని కూడా చూసింది. చివరికి వచ్చింది. మోయడానికి తప్పు ఒకటి దొరికాక వచ్చింది.

అత్తగారు ఆమె మణికట్టు పట్టుకున్నారు. "పొరపాటయిందని తలూపి ఊరుకో అమ్మాయ్. వాడి పరువు నీ చేతిలో ఉంది" అన్నారు గుసగుసగా. ఆ గుసగుస కూడా గుడంతా వినిపించింది.

ఆమె ఆవిడ చేతిని మెల్లగా విడిపించి, ఒళ్ళో పెట్టింది. కుర్చీ కదలకుండా చక్రానికి బ్రేకు వేసింది. బెంచీల మధ్య నుంచి బిషప్పుగారి దగ్గరికి నడిచింది, ఆ దారి ఎంత పొడవుందో గీసినప్పుడు తెలియలేదు. బిషప్పుగారి చెయ్యి నుంచి తైలం ఇంకా కారుతోంది. ఆయన మొహంలో కోపం లేదు, దిగులుంది. ఫాదర్ చేతిలోని దూది తీసుకుని ముందు ఆయన అరచెయ్యి తుడిచింది. భర్త హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదలడం వెనక నుంచి ఆమెకి వినిపించింది.

అప్పుడు ఆమె జనం వైపు తిరిగింది.

"అవునండీ, ఈ గోడ నాదే" అంది. "ఈ కప్పు, దాని పక్కనుంచి దిగుతున్న వెలుతురు, మీరు కూర్చున్న ఈ వరసలు, అన్నీ నావే. గోడ మీది పూత ఒక్కటే ఆయనది."